గలిబియే ఎక్కడానికి వీరులు అక్కర్లేదు

ఫ్రాన్సు కొండల మీద సైకిల్ తొక్కొచ్చామని చెబితే వినేవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. "అమ్మో, మీకంత స్టామినా ఎక్కడిది!" అనేవాళ్లు కొందరు. టీవీలో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు చూసే అలవాటున్నవాళ్లయితే "ఎంతసేపట్లో ఎక్కారు?" అని అడుగుతారు. మొదటివాళ్లు నన్ను వీరనారిని చేసేస్తారు, రెండోవాళ్లు జవాబు విని ఆ బిరుదు వెనక్కి లాగేసుకుంటారు. నేను చెప్పబోయేది ఇద్దరికీ నచ్చకపోవచ్చు గానీ చెబుతాను: ఆల్ప్స్‌లో ఒక పెద్ద కనుమ మీదికి సైకిల్ తొక్కడం వీరుల పని కాదు. నలభై దాటి, ఆఫీసు కుర్చీకి అతుక్కుపోయి, శనాదివారాలు కాస్త సైకిల్ తొక్కే మనిషి చేయగలిగిన పనే. దాన్ని వీరత్వంగా చూపించి అమ్ముకున్న చరిత్ర ఒకటుంది. ఆ చరిత్రకి రాతి కట్టడం కూడా ఉంది. మేం దాని పక్కనే కూర్చుని పల్లీ చిక్కీ తిన్నాం.

ఆ కనుమ పేరు గలిబియే. ఎత్తు 2,642 మీటర్లు. జూలైలో సెలవులకి మేం దిగింది దానికి ఉత్తరాన ఉన్న వల్వార్ అనే ఊళ్లో, ఆ ఊరే దాదాపు 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కణ్ణుంచి కనుమకి సుమారు 18 కిలోమీటర్లు. అవతలి వైపు ఎనిమిదిన్నర కిలోమీటర్లు దిగితే లోతరే అనే ఇంకో కనుమ వస్తుంది. పొద్దున్నే ఎక్కడం, అవతలికి దిగి లోతరేలో భోజనం చేయడం, మళ్లీ అంతా ఎక్కి ఇంటికి రావడం, ఇదీ ఆ రోజు ప్లాను. వెళ్లింది నేను, మావారు, మా అక్క కొడుకు. వాడు జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాడు, సైకిల్ రేసులంటే ప్రాణం. మావారికి మోకాలు సహకరించదు కాబట్టి ఎలక్ట్రిక్ సైకిల్ అద్దెకి తీసుకున్నారు. నాదీ అద్దె సైకిలే, కాకపోతే మోటారు లేనిది.

బయల్దేరేముందే మావాడు నాకు రూల్సు చెప్పాడు. "పిన్నీ, మధ్యలో దిగి నడిస్తే మాత్రం లెక్కలోకి రాదు."

"ఎవరి లెక్కలోకి రా?"

"అంటే... గలిబియే ఎక్కాను అని చెప్పుకోలేవు కదా."

వాడి తప్పేం లేదు. ఆ లెక్క వాడు పుట్టకముందు, వాళ్ల తాత కూడా పుట్టకముందు రాసిపెట్టినది. దాని సంగతి పైకి వెళ్లాక చెబుతాను, ఎందుకంటే అది రాసినాయన పైనే ఉన్నాడు.

మొదట్లో దారి మెత్తగానే ఉంటుంది. పక్కన ఏరు, అటూ ఇటూ పచ్చిక, మెడలో గంటలతో ఆవులు. బోఫోర్ అనే జున్ను ఈ ప్రాంతానిదే, కొండమీద పచ్చిక మేసే ఈ ఆవుల పాలతోనే చేస్తారు. రోడ్డు పక్కన ప్రతి కిలోమీటరుకీ ఒక గుర్తు కనిపిస్తుంది: పైకి ఇంకా ఎంత దూరం, ఇప్పుడు ఎంత ఎత్తులో ఉన్నాం, రాబోయే కిలోమీటరు సగటున ఎంత ఏటవాలు. సైకిల్ తొక్కేవాళ్ల కోసమే పెట్టారు దాన్ని, కారువాడికి ఆ లెక్కతో పనేముంది? నాకు ఈ చిన్న విషయం చాలా పెద్దదిగా అనిపించింది. రాబోయేది 5 శాతమో 9 శాతమో ముందే తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. తెలియని ఏటవాలులో మనిషి ఊపిరంతా మొదట్లోనే ఖర్చు పెట్టేస్తాడు.

ఇక్కడ కొంచెం లెక్కలు చెప్పాలి, ఓపిక పట్టండి. వల్వార్ వైపు నుంచి సగటు ఏటవాలు 7 శాతం దగ్గర ఉంటుంది, అంటే వంద మీటర్లు ముందుకెళితే ఏడు మీటర్లు పైకి వెళతాం. నా సైకిల్లో అన్నిటికన్నా తేలిక గేరు వేస్తే పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు చక్రం కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది, దాంతో సుమారు రెండు మీటర్ల పది సెంటీమీటర్లు కదులుతాం. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకి ఏడున్నర కిలోమీటర్ల వేగం. ఆ వేగంతో 7 శాతం ఏటవాలు మీద గంటలో ఐదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తు ఎక్కేస్తాం. మేడ మెట్ల లెక్కలో చెప్పాలంటే ఇరవై సెకన్లకి ఒక అంతస్తు. లిఫ్టు పాడైన రోజు అపార్ట్‌మెంట్‌లో మనం మెట్లు ఎక్కేది ఇంతకన్నా వేగంగానే. తేడా అల్లా అది మూడు నాలుగు అంతస్తుల్లో అయిపోతుంది, ఇది రెండు మూడు గంటలు సాగుతుంది. అంటే ఇక్కడ కావాల్సింది బలం కంటే ఎక్కువగా ఓపిక, తిండి, నీళ్లు, ఆగడానికి సిగ్గుపడకపోవడం.

మనకి ఇది కొత్త విషయం కాదు. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. డెబ్బై ఏళ్ల అమ్మమ్మలు చెప్పుల్లేకుండా ఎక్కుతారు. గాలిగోపురం దగ్గర కూర్చుంటారు, మజ్జిగ తాగుతారు, మోకాళ్ల పర్వతం దగ్గర ఊపిరి అందక గోవిందా గోవిందా అనుకుంటూ రెండు మెట్లెక్కి మళ్లీ ఆగుతారు. ఎంతసేపట్లో ఎక్కావు అని అమ్మమ్మని ఎవరూ అడగరు, మధ్యలో కూర్చున్నావు కాబట్టి మొక్కు చెల్లలేదని ఎవరూ అనరు. గలిబియే నేను ఎక్కింది అచ్చం ఆ పద్ధతిలోనే. మావాడికి ఈ మాట చెబితే "పిన్నీ, అది భక్తి, ఇది స్పోర్ట్" అన్నాడు. సెలవుల్లో వచ్చినవాళ్లకి ఇది స్పోర్ట్ ఎందుకు కావాలో వాడు చెప్పలేకపోయాడు, అప్పటికే రెండు మలుపులు ముందుకెళ్లిపోయాడు కూడా.

ఇంకో మాట. ఆ 7 శాతం అనేది కొండ ఇచ్చింది కాదు, రోడ్డు వేసినవాళ్లు ఇచ్చింది. కొండ అంతకన్నా చాలా నిటారుగా ఉంటుంది, పైనుంచి చూస్తే తెలుస్తుంది. గుర్రబ్బళ్లూ, ఫిరంగులు లాగే జంతువులూ నడిచే కాలంలో, ఇటలీ సరిహద్దు వైపు ఫ్రాన్సు కోటలు కట్టుకుంటున్న రోజుల్లో, ఈ కొండదారుల్ని మెలికలు మెలికలుగా సాగదీసి, ఏ జంతువైనా ఆగకుండా నడవగలిగినంత వాలుకి తెచ్చారు. శిఖరం కింద తొలిచిన సొరంగం 1891 నాటిది. తర్వాత 1909లో ఫ్రాన్సు టూరింగ్ క్లబ్ జెనీవా సరస్సు నుంచి మధ్యధరా సముద్రం దాకా కొండలమీదుగా ఒక పర్యాటక రహదారి తలపెట్టింది, ఇప్పుడు ఈ కనుమ అందులో భాగం. అంటే నూట ముప్ఫై ఏళ్ల కిందట ఎవరో కొలిచి, తవ్వి, రాళ్లు పేర్చి పెట్టిన శ్రమ మీద నేను ఆ రోజు తేలిక గేరులో తొక్కుకుంటూ పోయాను. "నేను కొండని జయించాను" అంటూ ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్లని చూస్తే నాకు నవ్వొచ్చేది ఇందుకే. అప్పటికే చదును చేసిపెట్టిన దాన్ని జయించడమేంటి?

డ్రైవర్ల సంగతీ చెప్పాలి. ఊళ్లు దాటాక సైకిల్‌ని ఓవర్‌టేక్ చేసే వాహనం కనీసం మీటరున్నర దూరం వదలాలని అక్కడ చట్టం. చట్టాలు మనకీ ఉన్నాయి గానీ అక్కడ వెనకాల వచ్చే కారు నిజంగానే ఆగుతుంది, మలుపు దాటేదాకా నా వెనక ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పాకుతుంది, హారన్ కొట్టదు. అందరూ అలాంటివాళ్లే అనను, ఆ రోజే ఒక స్పోర్ట్స్ బైకు గుంపు చెవులు చిల్లులు పడేలా పక్కనుంచి దూసుకుపోయింది. అయినా శ్రీశైలం ఘాట్‌లో సైకిల్ తొక్కడం, ఇక్కడ తొక్కడం ఒకటి కాకపోవడానికి కారణం కాళ్లలో లేదు. అక్కడ ధైర్యం కావాలి, ఇక్కడ అక్కర్లేదు. ఒక మామూలు మనిషికి ధైర్యం అక్కర్లేకుండా చేయడమే మంచి రోడ్డు చేసే పని అని నేను అనుకుంటాను.

ప్లాన్ లషా అనే చోట రోడ్డు ఒక వంతెన దాటి కుడికి తిరుగుతుంది. అక్కణ్ణుంచి అసలు కథ. అప్పటిదాకా లోయలో సాగిన దారి ఒక్కసారిగా కొండ ముఖం మీద మడతలు పడుతూ పైకి పోతుంది, ఏటవాలు 8, 9 శాతం దగ్గర నిలబడిపోతుంది, చెట్టనేది ఉండదు. ఎత్తు రెండు వేలు దాటాక గాలి పలచబడటం తెలుస్తుంది, పైన సముద్రమట్టంతో పోలిస్తే పావు వంతు తక్కువ. నేను ఆగడం మొదలుపెట్టాను. మావారు పక్కనే బ్యాటరీ మీద తాపీగా వస్తూ, "ఏమే, ఫొటో కోసం ఆగావా, ఊపిరి కోసం ఆగావా?" అన్నారు. "రెండింటికీ" అన్నాను. నిజానికి ఫొటో తీసేంత శక్తి లేదు.

ఎలక్ట్రిక్ సైకిళ్ల మీద అక్కడ కొందరు చిన్నచూపు చూస్తారు. బిగుతు బట్టలేసుకున్న ఒకతను మావారిని దాటుతూ మోటారు వైపు చూసి పెదవి విరిచాడు. నాకు ఒళ్లు మండింది. మోకాలి కీలు అరిగిన మనిషి, భార్యతో పాటు ఒక కొండ మీదికి, బస్సు అద్దంలోంచి కాకుండా ఆ చలిగాలిలో, ఆ గంటల చప్పుడు వింటూ వస్తున్నాడు. దీనివల్ల ఎవరికి ఏం తక్కువైంది? మోటారు ఉన్నా తొక్కక తప్పదు, బ్యాటరీ అయిపోతే ఆ బరువంతా నెట్టక తప్పదు, అందుకని ఆయన కూడా పొదుపుగానే వాడుకొచ్చారు. సాయం తీసుకోవడం మోసమే అయితే మా సైకిళ్లకున్న గేర్లన్నీ మోసాలే.

సరిగ్గా ఇదే మాట అన్నవాడు ఒకడున్నాడు. ఆయన దగ్గరికి వెళ్లేముందు ఇంకొకరు తగులుతారు. పైకి ఇంకా కొన్ని కిలోమీటర్లుందనగా మార్కో పంతాని స్మారకం ఉంటుంది. 1998 టూర్‌లో చలి, వాన మధ్య ఈ కొండ మీదే ఆ ఇటాలియన్ అందర్నీ వదిలేసి వెళ్లిపోయి, ఆ రోజే అప్పటిదాకా ముందున్న ఉల్రిచ్ దగ్గర్నుంచి, రేసులో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ లాక్కుని, చివరికి టూర్ గెలిచాడు. మావాడు అక్కడ మా కోసం ఆగి ఉన్నాడు, కళ్లలో నీళ్లొక్కటే తక్కువ. ఆ కథ నాకూ ఇష్టమే. కానీ ఆ ఏడాది నమూనాలను తర్వాత మళ్లీ పరీక్షిస్తే పంతాని, ఉల్రిచ్ ఇద్దరి శాంపిళ్లలోనూ ఈపీవో అనే నిషేధిత మందు ఉందని 2013లో ఫ్రెంచి సెనేట్ నివేదిక బయటపెట్టింది. పంతాని అంతకు చాలా ముందే, 2004లో, ముప్ఫై నాలుగేళ్లకే చనిపోయాడు. వీరగాథకి లోపల ఏం నడిచిందో తెలిశాక కూడా అదే కొలబద్ద పట్టుకుని నా మోకాలి నొప్పినీ మావారి బ్యాటరీనీ కొలుస్తానంటే నేను ఒప్పుకోను. మావాడితో ఈ మాట అనలేదు లెండి, పిల్లాడి మొహం చూసి ఊరుకున్నాను. రేసువాళ్ల మీద నాకు గౌరవం లేక కాదు. ఇలాంటి కొండలు ఒకే రోజులో రెండు మూడు ఎక్కి మర్నాడు మళ్లీ బయల్దేరడం వేరే వృత్తి, వేరే లోకం. వాళ్ల లెక్కలు వాళ్లకే ఉండనీయండి అంటున్నాను, అంతే.

చివర్లో పాత సొరంగం ముఖద్వారం వస్తుంది, దాంట్లోకి సైకిళ్లని రానివ్వరు. పక్కనుంచి చివరి కిలోమీటరు పైకి వెళ్లాలి, అన్నిట్లోకీ నిటారైనది అదే. నేను ఒక మలుపు దగ్గర దిగి కాసేపు నడిచాను. ఒక ముసలాయన దాటిపోతూ "అలే, కురాజ్!" (పదండి, ధైర్యం!) అన్నాడు, ఆయన వేగం కూడా నా నడక కంటే పెద్ద ఎక్కువేం కాదు. పైన బోర్డు దగ్గర ఫొటోల కోసం క్యూ, బైకులవాళ్లు, కార్లవాళ్లు, చెమట ఆరకముందే వణుకుతూ జాకెట్లు వేసుకుంటున్న సైకిళ్లవాళ్లు. దక్షిణంగా మేజ్ శిఖరం, దాని మీది హిమానీనదం. కాసేపు మావాడు కూడా టైం చూసుకోవడం మర్చిపోయాడు.

అవతలికి కొద్దిగా దిగితే, సొరంగం దక్షిణ ద్వారం దగ్గర, ఆ రాతి కట్టడం. హెన్రీ దెగ్రాంజ్ స్మారకం, 1949లో కట్టారు. టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టినాయన. 1903లో దాన్ని మొదలుపెట్టింది తన పత్రిక అమ్మకాలు పెరగడానికి, ఈ విషయం దాచిందేమీ కాదు. పత్రిక అమ్ముడుపోవాలంటే కథ కావాలి, కథకి బాధ కావాలి, బాధకి కొండలు కావాలి. 1910లో పిరెనీస్ కొండల్లోకి రేసుని పంపించాడు, 1911లో గలిబియే మీదికి. ఆ రోజు మొదట పైకి చేరినవాడు ఎమీల్ జొర్జే. వెనకాల చాలామంది సైకిల్ దిగి నడిచారు, అంటే మావాడి లెక్క ప్రకారం వాళ్లెవరూ గలిబియే ఎక్కనట్టే! గేర్లు మార్చుకునే సైకిళ్లంటే దెగ్రాంజ్‌కి ఎంత చులకనంటే, అవి నలభై ఐదేళ్లు దాటినవాళ్లకేనని రాశాడు, కండబలంతో గెలవడమే గొప్ప అన్నాడు. టూర్‌లో గేర్లు మార్చే డిరైలర్‌ని అందరికీ అనుమతించింది 1937లో. అప్పటిదాకా కొండ కింద ఆగి, వెనక చక్రం ఊడదీసి, దాని రెండో పక్కనున్న తేలిక పళ్లచక్రం గొలుసు వైపుకి వచ్చేలా తిప్పి బిగించుకుని మరీ ఎక్కేవాళ్లు. ఇప్పుడు ఆ కట్టడం ముందు నుంచి వెళ్లే సైకిళ్లలో చాలావాటికి ఇరవై పైన గేర్లుంటాయి, రేసువాళ్ల వాటికి కూడా.

నా దృష్టిలో అక్కడ ఉండాల్సిన స్మారకం ఇంకొకరిది. పోల్ ద వివీ అని, వెలోసియో అనే కలం పేరుతో రాసేవాడు. సెయింట్ ఎతియెన్‌లో పట్టు వ్యాపారం మానేసి సైకిళ్ల వ్యాపారంలోకి దిగినవాడు. దెగ్రాంజ్‌లాగే ఈయనా పత్రిక నడిపాడు, కానీ చెప్పింది పూర్తిగా తలకిందులు: గేర్లు వాడండి, తేలిగ్గా తొక్కండి, కొండల్లోకి వెళ్లండి, ఎవరైనా వెళ్లొచ్చు. శాకాహారి కూడా. ఆయన పెట్టిన నియమాలు ఇప్పటికీ సైకిల్ మీద ఊళ్లు తిరిగేవాళ్లు చెప్పుకుంటారు: ఆకలి కాకముందే తిను, దాహం వేయకముందే తాగు, సత్తువ అయిపోయేదాకా తొక్కకు, చలి వేయకముందే కప్పుకో, గొప్ప కోసం తొక్కకు. తక్కువసార్లు, తక్కువసేపు ఆగమని కూడా అన్నాడు, అది మాత్రం నేను పాటించలేదు. ఆయన స్మారకం సెయింట్ ఎతియెన్ దగ్గరి చిన్న కనుమ మీద ఉంది. ఆ రోజు గలిబియే మీద నేను చూసినవాళ్లలో ముప్పావు వంతు మంది, అరవై దాటిన డచ్ దంపతులూ, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన కుటుంబాలూ, నేనూ, అందరం వెలోసియో దారిలో ఎక్కి దెగ్రాంజ్ రాయి ముందు ఫొటోలు దిగుతున్నాం. చరిత్ర ఇలాగే ఉంటుంది కాబోలు.

లోతరేలో ఆమ్లెట్, ఫ్రైస్, బ్లూబెర్రీ టార్ట్. తిన్నాక మళ్లీ ఎనిమిదిన్నర కిలోమీటర్లు ఎక్కాలన్న ఆలోచనకి కడుపులో తిప్పింది గానీ ఆ ఎక్కుడు పొద్దుటిదానికంటే హాయిగా గడిచింది. మావాడు వేగం తగ్గించి నా పక్కనే తొక్కాడు, వాళ్లమ్మ మీద చాడీలు చెప్పాడు, పెళ్లి సంబంధాల గొడవ చెప్పాడు. గంటకి ఏడు కిలోమీటర్ల వేగంలో ఉన్న సుఖం ఇదే, మాట్లాడుకోవచ్చు. మనవాళ్లు యూరప్ వస్తే పది రోజుల్లో ఆరు దేశాలు చుట్టేసి, టిట్లిస్ మీదికి కేబుల్ కారులో వెళ్లి మంచు ముట్టుకుని దిగొచ్చేస్తారు. వాళ్లని తప్పుబట్టను, అమ్మానాన్నల్ని తీసుకెళ్లేటప్పుడు మేమూ అదే చేశాం. కానీ కాళ్లు బాగానే ఉన్నవాళ్లు కూడా "కొండమీద సైకిలా, అది మనవల్ల కాదు" అని బస్సెక్కేస్తుంటే మాత్రం, ఆ భయం పుట్టించిన కథల మీద కోపం వస్తుంది.

భయపడాల్సింది ఏదైనా ఉందంటే అది దిగడం గురించి, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మధ్యాహ్నం దాటితే ఆల్ప్స్‌లో ఉరుములు మామూలే. మేం రెండోసారి పైకి చేరేసరికి పడమర నల్లబడుతోంది. కింద వల్వార్‌తో పోలిస్తే పైన ఎనిమిది డిగ్రీలైనా తక్కువ ఉంటుంది, దిగేటప్పుడు గాలి కొట్టి ఇంకా చలి, కాళ్లు తిప్పే పని లేదు కాబట్టి ఒంట్లో వేడి పుట్టదు. వేళ్లు మొద్దుబారితే బ్రేకు పట్టలేం. అందుకని ఎండాకాలమైనా గ్లవ్స్, గాలి ఆపే జాకెట్ ఉండి తీరాలి, బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచకుండా మలుపుకి ముందు గట్టిగా పట్టి వదలాలి. వాన పడకముందే ఇంటికొచ్చేశాం.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒకటి రెండు మాటలు. చలికాలమంతా మంచుతో ఆ రోడ్డు మూసే ఉంటుంది, మామూలుగా వేసవి మొదట్లో తెరుస్తారు, కాబట్టి జూలై, ఆగస్టు మంచివి, అదీ పొద్దున్నే. గుండెకి సంబంధించిన సమస్యలుంటే డాక్టర్ని అడిగి వెళ్లండి. సైకిల్ అద్దెకిచ్చే దుకాణంలో మీరు ఎంత ఫిట్‌గా ఉన్నారని అడుగుతారు. దానికి ఏదో ఒకటి చెప్పి, మీరు మాత్రం వెనక చక్రం మీది పళ్లచక్రాల్లో పెద్దదానికి ఎన్ని పళ్లున్నాయో అడగండి. 34 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే తీసుకోండి. 28 అని చెబితే, ఎంత అందమైన సైకిలైనా సరే, పక్క దుకాణానికి వెళ్లండి.